ఇంటి పద్దులో ఇంటివారి మాట

కార్పొరేషన్ బడ్జెట్ అనగానే మనలో చాలామందికి ఇంటిపన్నూ, రోడ్లూ, మురుగుకాలవలూ గుర్తుకొస్తాయి. పేదల ఇళ్ళకు డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, ఏ స్థలంలో కట్టాలి, ఆ నిర్ణయానికి ముందు ఎవరిని అడగాలి అన్న ప్రశ్నలు మన తరగతి గదుల్లో వినపడేది తక్కువ. గుణదల వాడినైన నాకు మాత్రం ఇవి పాఠ్యపుస్తకంలోని ప్రశ్నలు కావు. కొండవాలున మెట్లెక్కి బిందెలు మోసేవాళ్ళూ, ఏలూరు కాలవ వెంబడి రేకుల షెడ్లలో కాపురముండేవాళ్ళూ మా ఇరుగుపొరుగే.

ముందు డబ్బు సంగతి చూద్దాం. 2005 డిసెంబరు 3న కేంద్రం జవహర్‌లాల్ నెహ్రూ పేరిట జాతీయ పట్టణ పునర్నవీకరణ పథకాన్ని ఆరంభించింది. దానికి ఎంపికైన నగరాలలో విజయవాడ ఒకటి. ఆ పథకం నడిచినన్నాళ్ళూ మన నగరం వంటి వాటిలో పేదల గృహనిర్మాణానికి కేంద్రం సగం భరించేది. తక్కిన సగంలో రాష్ట్రమూ, కార్పొరేషనూ, లబ్ధిదారూ పాలుపంచుకోవలసి వచ్చేది. ఇల్లు ఉచితంగా ఇవ్వకూడదనీ, లబ్ధిదారు కనీసం 12 శాతం, షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు మొదలైన బలహీన వర్గాలవారు 10 శాతం భరించాలనీ ఆ పథకంలో నియమం వుండేది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. డబ్బు పెట్టేవాళ్ళలో పేదవాడు కూడా ఒకడన్నమాట! కేంద్రం తన వాటాకు షరతులు పెట్టింది. రాష్ట్రం తన వాటాకు ఉత్తర్వులు ఇచ్చింది. కూలి డబ్బులోంచి వాటా కట్టేవాడికి మాత్రం అభిప్రాయం వుండదా?

ఆ పథకం కింద జక్కంపూడిలో పెద్ద ఎత్తున ఇళ్ళు లేచాయి. అది వూరికి వాయవ్యపు చివర. గుణదల మనిషికి పని దొరికేది ఆటోనగర్‌లోనో, పటమటలోనో, బెంజి సర్కిల్ చుట్టుపక్కలనో. లెక్క వేసి చూడండి. లక్ష రూపాయల ఇంటికి 12 శాతమంటే 12 వేలు. పనికి వెళ్ళిరావడానికి షేర్ ఆటోకు రోజుకు 40 రూపాయలైతే, నెలకు 25 పనిదినాలకు వెయ్యి, ఏడాదికి 12 వేలు. వాటా ఒక్కసారితో తీరిపోతుంది గాని, దూరం ఏటేటా ఇంకో వాటా వసూలు చేస్తూనే వుంటుంది. ఇంజనీరు అంచనాల్లో సిమెంటు, ఇనుము, ఇసుక వుంటాయి గాని ఈ పద్దు వుండదు. అది తెలిసింది ఆ కూలిమనిషికే.

అట్లాగని వున్నచోటే వుండనివ్వండి అంటే చాలదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళమీద పడి మనుషులు చనిపోయారు. వెంటనే సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా నీట మునిగింది. వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన పేరుమీద వెలసిన వాంబే కాలనీ కూడా మునిగింది. అంతకుముందు 2005 లోనూ బుడమేరు వరద చూశాం. నీళ్ళు ఎటునుంచి వస్తాయో, ఎక్కడ నిలుస్తాయో పటంకన్నా ముందు అక్కడివాళ్ళకే తెలుస్తుంది. కనుక స్థలం ఖాయం కాకముందు అడగడమంటే దయ చూపడం కాదు, ప్రజాధనం నీటిపాలు కాకుండా కాపాడుకోవడం.

అడిగే దారి చట్టంలో లేకపోలేదు. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మూడు లక్షలు, ఆపైన జనాభా వున్న నగరాలలో వార్డు కమిటీలు వుండి తీరాలి. నెహ్రూ పథకం కూడా ప్రజల భాగస్వామ్యానికి చట్టం చేయమనీ, స్థానిక సంస్థ బడ్జెట్టులో పేదల సేవలకు విడిగా నిధులు కేటాయించమనీ షరతు పెట్టింది. అయితే కమిటీ వున్నంతమాత్రాన సరిపోదు. పద్దు ఖాయమై, టెండర్లు పిలిచాక జరిపే సభలో జనం చేయగలిగింది చప్పట్లు కొట్టడమో, గొడవపడడమో!

మరోచోట ఏం చేశారు? బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె నగరంలో 1989 నుంచి పేటపేటా సభలు జరిపి, ఏ పనికి ముందు ఖర్చు పెట్టాలో జనంచేతనే వరుస కట్టించారు. అంత దూరం ఎందుకు, కేరళ 1996లో ప్రజాప్రణాళిక మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానిక సంస్థలకు వదిలింది. పూనా నగరపాలక సంస్థ 2006 నుంచి బడ్జెట్ తయారీకి ముందే పౌరులనుంచి సూచనలు తీసుకుంది.

"అందరినీ అడుగుతూ కూర్చుంటే పని జరగదు, ప్రతివాడూ తన గుమ్మం ముందే కట్టమంటాడు" అని మా మిత్రుడొకడు వాదించాడు. అందులో నిజం లేకపోలేదు. వూరి నడుమ ఖాళీ జాగా తక్కువ, వున్నదాని ధర ఎక్కువ. అందుచేత అడిగినదల్లా ఇవ్వమని నేననడం లేదు. రెండు మూడు స్థలాలు చూపించి, ఒక్కోదానికి అయ్యే ఖర్చూ, లబ్ధిదారు వాటా, బ్యాంకు అప్పు వుంటే దాని నెలవాయిదా తెలుగులో రాసి డివిజన్ ఆఫీసు గోడకు అంటించమంటాను. వచ్చిన ప్రతి సూచనా నమోదు కావాలి. కాదన్నదానికి కారణం చెప్పాలి. నెలరోజుల ఆలస్యమైతే అవుతుంది. ఎవరూ దిగని ఇంటికన్నా, ఏటా మునిగే ఇంటికన్నా ఆ నెలే చవక.

ఇందులో మన పాత్ర ఏమిటి? కామర్స్ విద్యార్థికి పద్దు చదవడం వచ్చు. సివిల్ విద్యార్థికి పల్లమేదో మెరకేదో కొలవడం వచ్చు. తెలుగు విద్యార్థికి ఆఫీసు భాషను అమ్మలక్కలకు అర్థమయ్యేట్టు చెప్పడం వచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో వుండనే వుంది. ఏప్రిల్‌లో కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది కాబట్టి అంచనాలు తయారయ్యేది అంతకుముందు చలికాలంలోనే. ఏటా డిసెంబరులో మన యూనియన్ తరఫున నలుగురేసి జట్లుగా ఒక్కొక్క బస్తీకి వెళ్ళి, అక్కడివాళ్ళు చెప్పింది రాసుకుని, కార్పొరేషన్‌కు అందజేసి రసీదు తీసుకుందాం. మనం వారి తరఫున మాట్లాడనక్కరలేదు. వారి మాట పద్దు రాసే బల్లమీదికి సకాలంలో చేరేట్టు చూస్తే చాలు.