గణితస్ఫురణము: అపోహలు – వాస్తవములు

గణితమున నూతనభావము అకారణముగా మెఱయుననియు, ఆ మెఱుపు జన్మతః ప్రతిభావంతులైన ఏ కొందఱికో తప్ప దక్కదనియు మనలో చాలమందికి గట్టి నమ్మకము. ఇందులకు సాక్ష్యముగా ఫ్రెంచి గణితజ్ఞుడు హెన్రీ పాయింకారే కథను చెప్పుట పరిపాటి. తుదముట్ట చెప్పువారు మాత్రము అరుదు.

1908లో పారిస్‌లో చేసిన ఉపన్యాసమున ఆయనయే ఆ వృత్తాంతమును వివరించెను. తాను పిమ్మట ఫుక్సియన్ ప్రమేయములని పేరిడిన వానివంటివి ఉండజాలవని నిరూపింపబూని, 15 దినములు నిత్యమును బల్లముందు గంటయో రెండు గంటలో కూర్చుండి, ఎన్నెన్నో కలయికలు వేసి చూచి, ఫలితము గానక లేచుచుండెను. ఒక సాయంకాలము అలవాటునకు విరుద్ధముగా పాలు కలుపని కాఫీ త్రాగి నిద్రపట్టక పరుండగా, భావములు గుంపులుగా వచ్చి ఒండొంటిని తాకుచుండెనట. తెల్లవాఱుసరికి, ఏవి లేవని నిరూపింపదలచెనో అవియే కలవని తేలినది. అటుపిమ్మట భూగర్భశాస్త్రయాత్రలో గణితమును మఱచియుండగా, కూతాంస్ పట్టణమున బండిమెట్టుపై కాలు మోపినంతనే, ఆ ప్రమేయములకై తాను వాడిన పరివర్తనములును యూక్లిడేతర జ్యామితి పరివర్తనములును ఒక్కటియే యని స్ఫురించినది. జనులు కథను ఇక్కడనే ఆపుదురు. ఇంటికి మరలివచ్చి తీరికగా దానిని సరిచూచిన సంగతి ఎవ్వరికిని పట్టదు. సచేతనమైన శ్రమ ముందు జరుగనిచో అచేతన మనస్సు ఫలింపదనియు, అది అందించునది ఆరంభమే కాని సిద్ధమైన గణనము కాదనియు ఆయన స్పష్టముగా చెప్పెను.

రామానుజన్ విషయమున ఈ అపోహ మఱింత ముదిరినది. తన ఫలితములు నామగిరిదేవి అనుగ్రహమని ఆయన చెప్పుకొనుట నిజమే. దానిని పరిహసించుట నా యుద్దేశము కాదు. కాని కార్ రచించిన గణితసూత్రసంగ్రహమును అభ్యసించి, కాగితము కొనలేక పలకపై గణించి, మోచేతితో తుడిచి, ఫలితమును మాత్రము నోటుపుస్తకమున కెక్కించిన యువకుని శ్రమను లెక్కకు తీసికొనకుండుట న్యాయమా? ఆయనను దగ్గఱగా ఎఱిగిన ఆంగ్ల గణితజ్ఞుడు హార్డీ, గణితజ్ఞు లందఱి ఆలోచనయు మూలమున నొకేతీరుదనియు, రామానుజన్ అందులకు మినహాయింపు కాడనియు 1921లో వ్రాసెను.

గణితజ్ఞుడు సంకేతములతోను మాటలతోను ఆలోచించుననుట మఱియొక భ్రమ. గణితజ్ఞుల ఆలోచనావిధానమును గూర్చి ఫ్రెంచి గణితజ్ఞుడు ఆడమార్ అడిగిన ప్రశ్నలకు ప్రత్యుత్తరమిచ్చుచు ఐన్‌స్టీన్, తన ఆలోచనలో మాటలకు పాత్రయే కానరాదనియు, దృశ్యరూపములును కొన్ని కండరసంబంధమైన అనుభూతులును దానికి మూలద్రవ్యములనియు తెలిపెను.

గణితము యువకుల క్రీడ యనుమాటకు దీర్ఘచర్చ అనవసరము. దానిని ప్రచారము చేసినవాడు ఆ హార్డీయే, అదియును 1940లో! సహజసంఖ్యల ఘనముల వ్యుత్క్రమములను కూడగా వచ్చు మొత్తము అకరణీయమని 1978లో రోజే అపేరీ నిరూపించునాటికి ఆయన వయస్సు 61 సంవత్సరములు.