తాత భూమిలో బాబ్ మార్లీ

జమైకా ఉత్తర తీరంలో విహార నౌకలు ఆగే ఓచో రియోస్ నుంచి సెయింట్ ఆన్ కొండల్లోకి మెలికల దారి పట్టేవాళ్లలో చాలామంది నైన్ మైల్‌కు వచ్చేది బాబ్ మార్లీ సమాధి కోసమే. 1945 ఫిబ్రవరి 6న అతను పుట్టింది ఈ ఊళ్లోనే. 36 ఏళ్లకే మయామీలో క్యాన్సర్‌తో కన్నుమూస్తే, 1981 మే నెలలో కింగ్‌స్టన్‌లో ప్రభుత్వ లాంఛనాలు జరిపి, ప్రధాని ఎడ్వర్డ్ సియాగా నివాళి అర్పించాక, శవపేటికను ఇంత దూరం కొండల్లోకి తీసుకొచ్చారు. సొంతూరి మీది మమకారం అనుకుని వదిలేస్తే సగమే అర్థమైనట్టు. ఆ కొండ మీది నేల ఎవరిది, వాళ్ల చేతికి ఎలా వచ్చిందన్నదే అసలు సంగతి.

1838లో బానిసత్వం పూర్తిగా రద్దయినా, మంచి మాగాణి చెరకు తోటల యజమానుల దగ్గరే ఉండిపోయింది. విడుదలైనవాళ్లలో ఎందరో కొండలెక్కి, దొరికిన నేల చెక్కల్లో దుంపలు, అరటి, కాఫీ వేసుకున్నారు. అలా సంపాదించిన భూమిని అమ్మకుండా వంశంలో అందరికీ ఉమ్మడిగా ఉంచడం, పోయినవాళ్లను అందులోనే పూడ్చడం జమైకా పల్లెల ఆనవాయితీ. పెద్దల సమాధులే ఆ కుటుంబ హక్కుకు సాక్ష్యం. ఈ నేల మార్లీ తల్లివైపు తాత ఒమెరైయా మాల్కమ్‌ది; ఆయన ఇక్కడి రైతు, నాటువైద్యుడిగా పేరున్న మనిషి. తెల్లజాతి తండ్రి నార్వల్ మార్లీ పిల్లాడికి దాదాపు కనిపించనే లేదు. పిల్లాడు పెరిగింది తల్లి సెడెల్లా పుట్టింటివాళ్ల మధ్య. చిన్నప్పటి ఇల్లు ఇప్పటికీ ఉంది: ఇరుకు గది, ఒంటి మంచం. బయట మార్లీ నమ్మిన రాస్తాఫారీ మతపు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులు పూసిన బండ. దాని మీద తలవాల్చి ఆలోచించుకునేవాడని చెబుతారు. పక్కనున్న సమాధి పాలరాయి కన్నా ఆ మంచమే అతని గురించి ఎక్కువ చెబుతుంది. 2008లో పోయిన తల్లినీ ఈ నేలలోనే ఉంచారు.

రెగ్గే పుట్టింది కింగ్‌స్టన్‌లో కదా, అక్కడి ట్రెంచ్‌టౌన్ పేట లేకపోతే మార్లీ ఎక్కడ, అనేవాళ్లున్నారు. సంగీతం వరకు ఆ మాట నిజం. కానీ నగరం రుచి చూశాక కూడా, 1967 ప్రాంతంలో, అతను భార్య రీటాతో తిరిగొచ్చి ఇక్కడ సేద్యం చేశాడు. చిన్నతనంతో తెగిపోయిన బంధం అయితే ఆ పని చేసేవాడా? రాస్తాఫారీలు కోరుకునేది ఆఫ్రికా కాబట్టి అతని సమాధి ఇథియోపియాలో ఉండాలన్నది ఇంకా బరువైన అభ్యంతరం. 2005లో అవశేషాలను అక్కడికి తరలిస్తారన్న వార్త రాగానే జమైకాలో పెద్ద దుమారమే రేగింది. ఆ కోపం సరైనదే. ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చినవాళ్ల సంతానం చెమటోడ్చి సొంతం చేసుకున్న నేల ఇది. దీన్ని వదిలేస్తేనే ఆఫ్రికా మీద ప్రేమ ఉన్నట్టా? ఇదే సెయింట్ ఆన్‌లో పుట్టిన నల్లజాతి నాయకుడు మార్కస్ గార్వే అవశేషాలను 1964లో లండన్ నుంచి తెచ్చి కింగ్‌స్టన్ పార్కులో ఉంచారు. జాతీయ వీరుడికి అది తగిన గౌరవమే. మార్లీకి మాత్రం రైతు కుటుంబంలో ఒకడిగా చోటు దొరికింది. నాకు ఇదే గొప్పగా తోస్తుంది.

సమాధి చుట్టూ ప్రహరీ, టికెట్టు, దుకాణాలు చూసి పవిత్రత పోయిందని బాధపడేవాళ్లను తప్పుపట్టలేం. అయితే గేటు దగ్గర వసూలయ్యే డబ్బులో చుట్టుపక్కల దుంపలు పండించుకునే రైతులకు ఎంత అందుతోందన్నది అంతకన్నా పెద్ద ప్రశ్న. దాన్ని మార్లీ కుటుంబాన్నీ, జమైకా పర్యాటక శాఖనూ గట్టిగానే అడగాలి.