సంతకం పెట్టే ముందు: థైరాయిడ్ జోరు పెరిగితే మూడు దారులు

మన ముత్తాతలు మద్రాసు రేవులో ఓడ ఎక్కే ముందు ఒక కాగితానికి ఒప్పుకున్నారు. ఆ ‘అగ్రిమెంట్’ వాళ్ళ నోట ‘గిర్మిట్’ అయింది. 1860లో నేటాల్‌కు, 1903 నుంచి ఫిజీకి వెళ్ళినవాళ్ళలో చాలామందికి ఆ కాగితం చదవడం రాదు. ఫిజీకి వెళ్ళినవాళ్ళకు అందులో ఐదేళ్ళ పని రాసి ఉంది.

ఈనాడు అమెరికాలో ఆస్పత్రికి వెళ్తే మన చేతికీ ఒక కాగితం ఇస్తారు. మనకు చదువు వచ్చు. అయినా చదవకుండానే సంతకం పెట్టేస్తాం. “డాక్టరుగారికి తెలియదా?” అంటారు ఇంట్లో పెద్దలు. థైరాయిడ్ జోరు పెరిగినప్పుడు ఆ మాట ఒక్కటే చాలదు. ఇక్కడ దారులు మూడు. ఏది ఎంచుకోవాలో డాక్టరుతో కలిసి మీరే తేల్చుకోవాలి.

జబ్బు ఏమిటి?

థైరాయిడ్ గొంతు ముందు భాగంలో సీతాకోకచిలుకలా ఉండే చిన్న గ్రంథి. అది హార్మోన్‌ను మరీ ఎక్కువగా తయారుచేస్తే గుండె దడ, చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. బాగా తింటున్నా మనిషి చిక్కిపోతాడు. నిద్ర పట్టదు. దీనికి ఎక్కువసార్లు కారణం గ్రేవ్స్ వ్యాధి. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళలో ఇది చాలా ఎక్కువ.

ముందు కారణం తేలాలి. గ్రంథి వాపు వల్ల కొన్నాళ్ళు హార్మోన్ పెరిగి, దానంతట అదే తగ్గిపోవచ్చు. అలాంటప్పుడు ఈ మూడు దారుల అవసరం ఉండదు. జుట్టు కోసం బయోటిన్ బిళ్ళలు వేసుకుంటుంటే ఆ సంగతి చెప్పండి. వాటివల్ల రక్తపరీక్ష తప్పు చూపించవచ్చు.

మూడు దారులు

మొదటిది మాత్రలు. అమెరికాలో ఎక్కువగా మెథిమజోల్ ఇస్తారు. సాధారణంగా ఏడాది నుంచి ఏడాదిన్నర వాడతారు. గ్రంథి పోదు. కానీ మాత్రలు ఆపాక సుమారు సగం మందిలో జబ్బు తిరిగి వస్తుంది. అరుదుగా తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అందుకే జ్వరం, గొంతునొప్పి వస్తే మాత్ర ఆపి, అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి.

రెండోది రేడియోధార్మిక అయోడిన్. దీన్ని 1941లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో డాక్టర్ సాల్ హెర్ట్జ్ మొదటిసారి రోగికి ఇచ్చారు. మింగిన అయోడిన్ గ్రంథిలోకి చేరి, కొన్ని నెలల్లో దాని జోరు అణచేస్తుంది. తర్వాత చాలామంది జీవితాంతం రోజూ థైరాయిడ్ మాత్ర వేసుకోవాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇది ఇవ్వరు. కళ్ళ జబ్బు ఉంటే అది ముదరవచ్చు. కొన్ని రోజులు మనవలను ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు.

మూడోది ఆపరేషన్. ఫలితం త్వరగా వస్తుంది. దీని తర్వాత కూడా రోజూ మాత్ర తప్పదు. గొంతు నరానికి దెబ్బ తగలడం, రక్తంలో కాల్షియం తగ్గడం ఇందులో ఉన్న ప్రమాదాలు. అందుకే “ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు?” అని సర్జన్‌ను అడగండి. అలా అడగడం అమర్యాద కాదు.

జబ్బు ఒకటే, కథలు వేరు

1991లో అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ గుండె లయ తప్పింది. కారణం గ్రేవ్స్ వ్యాధి అని తేలింది. ఆయన భార్య బార్బరాకు అప్పటికే అదే జబ్బు. ఇద్దరూ రేడియోధార్మిక అయోడిన్ తీసుకున్నారు. పరుగుల రాణి గెయిల్ డీవర్స్‌కు 1990లో ఈ జబ్బు బయటపడింది. చికిత్స రోజుల్లో పాదాలు వాచి, పుండ్లు పడి, నడవలేకపోయింది. అయినా 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల పరుగులో బంగారు పతకం గెలిచింది. ఒకరికి నప్పింది ఇంకొకరికి నప్పాలని లేదు.

అందుకే మీ బతుకును లెక్కలో వేసుకోండి. త్వరలో బిడ్డ కావాలా? ఇంట్లో పసిపిల్లలు ఉన్నారా? కళ్ళు మంటగా, ఉబ్బుగా ఉన్నాయా? తరచూ రక్తపరీక్షలకు వెళ్ళే వీలుందా? ఈ జవాబులు డాక్టరుకు చెప్పండి. అమ్మకో నానమ్మకో ఇంగ్లిష్ రాకపోతే, అనువాదకుణ్ణి ఏర్పాటు చేయమని ఆస్పత్రిని అడగండి. ఆ పని మనవడి మీద పెట్టకండి. తెలుగులో ఒక్క ప్రశ్న నేర్చుకోండి: “ఇది చేయించుకోకపోతే ఏమవుతుంది?”

జవాబు అర్థమయ్యాక సంతకం పెట్టండి. ఆ రేవులో మన ముత్తాతలకు దొరకని అవకాశం ఇది.