మైలాపూరులో అద్దె ఇల్లు: అడ్వాన్సు ఇచ్చే ముందు ఒప్పందం చదవాలి

చెన్నపట్నం కంటే మైలాపూరు ప్రాచీనమైనది. కపాలీశ్వరుని కోవెల, కోనేరు, నాలుగు మాడవీధులు ఆ పేటకు గుర్తులు. తెలుగువారికి అది పరాయి చోటు కాదు. ఆంధ్రపత్రిక స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు నివాసమైన శ్రీబాగ్ అక్కడి లజ్ ప్రాంతంలోనే ఉండేది. 1937లో కోస్తా, రాయలసీమ నాయకుల నడుమ శ్రీబాగ్ ఒడంబడిక కుదిరినది ఆ ఇంటిలోనే. తిరుత్తణి, హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల నుండి ఉద్యోగాలకై చెన్నై చేరే తెలుగు కుటుంబాలు కోవెల, బడి, బజారు దగ్గరగా ఉంటాయని ఈ పేటలో ఒక పడకగది ఇంటి కోసం వెదకడం సహజమే. అయితే అద్దె కంటే ముందు వారిని కలవరపెట్టేది అడ్వాన్సు.

పాత అలవాటు

పది నెలల అద్దెను అడ్వాన్సుగా పుచ్చుకోవడం చెన్నైలో చిరకాలంగా ఉన్న ఆచారం. నెలకు 15,000 రూపాయల అద్దె అయితే, గడప తొక్కక ముందే లక్షన్నర చెల్లించవలసి వస్తుంది. దళారి ద్వారా వెళితే అతని రుసుము అదనం. ఖాళీ చేసేటప్పుడు రంగులు వేయించే ఖర్చు పేరిట ఒక నెల అద్దె తగ్గించుకోవడమూ ఉన్నది. చిరుద్యోగికి ఇది కొన్నేళ్ల పొదుపు. వివాదాలు ఎక్కువగా పుట్టేది కూడా ఈ సొమ్ము తిరిగి రాబట్టుకునే వేళలోనే.

చట్టం ఏమంటున్నది?

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో తమిళనాడు ప్రభుత్వం 2017లో కొత్త చట్టం చేసి, 2019 ఫిబ్రవరిలో అమలులోకి తెచ్చింది. దీని ప్రకారం అద్దె ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి. దానిని అద్దె అధికారి వద్ద నమోదు చేయించాలి. పదకొండు నెలలకు వ్రాసుకుంటే నమోదు అక్కరలేదన్న అభిప్రాయం జనంలో బలంగా ఉన్నది. ఏడాదికి మించిన లీజులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన 1908 నాటి చట్టం నుండి పుట్టిన అలవాటది. కొత్త చట్టం క్రింద ఆ వెసులుబాటు లేదు.

అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించరాదని కూడా ఈ చట్టం చెబుతున్నది. కాని ఉభయులూ వేరుగా ఒప్పుకుంటే తప్ప అన్న మాట అందులోనే ఉన్నది. అనగా పది నెలల అడ్వాన్సు వ్రాసిన పత్రంపై సంతకం చేసినవారు, తమకు చట్టమిచ్చిన రక్షణను తామే వదులుకున్నట్లవుతుంది. బేరమాడవలసినది సంతకానికి ముందే. ఇల్లు ఖాళీ చేసిన నెలలోగా, చెల్లవలసిన బాకీలు మినహాయించి, యజమాని మిగతా సొమ్ము తిరిగి ఇవ్వాలి. తగవు వచ్చినా నీళ్లు, విద్యుత్తు వంటి సౌకర్యాలను యజమాని నిలిపివేయరాదు.

ఇల్లు చూసేటప్పుడు

మాడవీధుల పరిసరాలలో పాత పెంకుటిళ్ల స్థానే లేచిన చిన్న అపార్టుమెంట్లు, పెద్ద ఇళ్లను విభజించిన పోర్షన్లు ఎక్కువ. పోర్షనుకు వేరు మీటరు ఉన్నదా, లేకుంటే యూనిట్ వెల ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. 2019 వేసవిలో జలాశయాలు ఎండి నగరం ట్యాంకర్లపై ఆధారపడిన సంగతి తెలిసిందే. కనుక సంపు ఎంతటిది, బోరు పనిచేస్తున్నదా, ట్యాంకరు ఖర్చు ఎవరిది అని అడగాలి. వాహనం నిలిపే చోటు ఉన్నదో లేదో చూడాలి. ఫాల్గుణ, చైత్ర మాసాల నడుమ వచ్చే పంగుని ఉత్సవంలో రథం, అరువత్తి మూవర్ ఊరేగింపు సాగే రోజులలో మాడవీధులలోకి వాహనాలు రావు. శాకాహారులకే ఇల్లు ఇస్తామనే యజమానులూ ఉన్నారు. ఇటువంటి నిబంధనలు చేరిన తరువాత కాక, ముందే తెలియాలి.

పత్రంలో ఉండవలసినవి

అద్దె, అడ్వాన్సు, ఏటా పెంపు, నిర్వహణ రుసుము, రంగుల ఖర్చు, ఖాళీ చేయడానికి నోటీసు గడువు—ఇవన్నీ అంకెలతో ఉండాలి. గోడలు, కుళాయిలు, ఫ్యానుల స్థితిని చేరిన నాడే ఫోటోలు తీసి భద్రపరచాలి. అద్దెకు రసీదు తీసుకోవాలి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే చెల్లించడం మేలు. పత్రాలు సాధారణంగా తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. ఆ లిపి రానివారు తెలిసినవారిచేత ప్రతి వాక్యమూ చదివించుకొని, అర్థం చెప్పించుకున్న పిమ్మటనే సంతకం చేయాలి. పెద్దమనిషి మాట మీద నమ్మకముంచడం మంచిదే, కాని లక్షన్నర రూపాయలకు ఆ మాట కాగితం మీద కూడా ఉండాలి.