మందు కొట్టే చేతులకు రక్షణ ఏది?

మోతె మండలంలో పత్తికి, మిరపకు మందు కొట్టే రోజుల్లో సాయంత్రం మన వాడల్లోకి పోతే మాకు ఒకటే మాట వినబడుతుంది: "తలకాయ తిరుగుతున్నది, కండ్లు మసకలు కమ్ముతున్నయి." పొద్దంతా పంపు మోసినవాడికి రాత్రి బువ్వ సహించదు. తెల్లారితే మళ్లీ చేలోకే. పోకపోతే కూలి లేదు మరి!

ఎండదెబ్బ అని మనం సరిపెట్టుకుంటున్నాం. అన్నిసార్లూ ఎండదెబ్బ కాదు. మోనోక్రోటోఫాస్ వంటి మందులు చర్మం గుండా, ఊపిరి గుండా ఒంట్లోకి పోయి నరాలను దెబ్బతీస్తాయి. విపరీతమైన చెమట, చొంగ, వాంతులు, కంటిపాప చిన్నదైపోవడం దాని గుర్తులు. అవి కనిపిస్తే మందు డబ్బాతో సహా మనిషిని వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. 2017లో మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ 20 మంది దాకా చనిపోయారు. వారంతా మనవంటి కూలీలు, చిన్న రైతులే.

మందు చల్లేవారికి తగిన రక్షణ దుస్తులు ఉండాలని 1971 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఏ ఆసామి ఇస్తున్నాడు? మూతికి కట్టుకున్న తువ్వాలే మన రక్షణ! ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. ఒక విషం పోతే ఇంకో విషం కొత్త పేరుతో దుకాణానికి వస్తున్నది.

విషం లేకుండా పంట పండదా? పండుతుంది. పాల్వంచ మండలం పునుకుల రైతులు వేపగింజల కషాయం, లింగాకర్షక బుట్టలు, ఎర పంటలతో పత్తి పండించారు. 2004లో ఆ పంచాయతీ తమది పురుగుమందులు లేని ఊరని తీర్మానం చేసింది. మందుల వ్యాపారులు ఊళ్లోకి రావద్దన్నది. ఆ పని ఒక్కడు చేసింది కాదు, ఊరంతా కలిసి చేసింది.

సహజమైన బతుకు ఉన్నోళ్ల సరదా అని కొందరంటారు. కానీ చేను లేని కూలికి ఏ మందు కొట్టాలో ఎంచుకునే హక్కు లేదు. అప్పు మీద మందు తెచ్చే కౌలు రైతుకూ లేదు. అందుకే ఇది ఒంటరిగా తేలే సమస్య కాదు.

కూలన్నలారా, అక్కలారా! రక్షణ దుస్తులు ఇవ్వనిదే పంపు ఎత్తమని కలిసి చెబుదాం. వచ్చే గ్రామసభలో పునుకుల తీర్మానాన్ని మన ఊరి ముందు పెడదాం. కూలి రేటు కోసం ఎట్లా కొట్లాడినమో, ఒంట్లో ప్రాణం కోసమూ అట్లాగే కొట్లాడాలి.