లాటరీ తేల్చిన లెక్క

దక్షిణ ఢిల్లీ పిల్లలకు కంప్యూటర్ పాఠాలు పనికొచ్చాయా?

ఆరో తరగతి విద్యార్థికి నాలుగో తరగతి లెక్కలే కొరుకుడు పడకపోతే? 2015లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల పిల్లలను పరీక్షించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్‌లకు కనిపించింది అదే. ఆరో తరగతివారు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు.

ఎవరి స్థాయికి తగ్గ పాఠం వారికి చెప్పే 'మైండ్‌స్పార్క్' కేంద్రాలు వారిని గట్టెక్కిస్తాయా? ముందుకొచ్చిన 619 మందికి లాటరీ తీశారు. దాదాపు సగం మందికి బడి వేళలు పోను రోజూ గంటన్నర ఉచిత శిక్షణ దక్కింది. మిగతావారు ప్రయోగం ముగిసేదాకా ఆగాలి.

ఇది అన్యాయంగా తోచవచ్చు. కానీ చేరినవారిని చేరనివారితో పోలిస్తే, ఫలితం పాఠాలదో తల్లిదండ్రుల శ్రద్ధదో తేలదు. లాటరీ అలాంటి తేడాలను ఇరువైపులా ఇంచుమించు సమానంగా పంచుతుంది.

నాలుగున్నర నెలల్లో లాటరీ తగిలినవారు గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం ముందుకెళ్లారు. మార్కులు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత ఇది. చూడ్డానికి చిన్న అంకే. కానీ గంట ఆకారపు వక్రరేఖలో ఎక్కువమంది నడుమనే గుమిగూడి ఉంటారు. అక్కడ కాస్త జరిగినా చాలామందిని దాటేస్తారు. వందమందిలో 50 మందిని మించిన విద్యార్థి గణితంలో 64 మందిని మించినట్టు.

అయినా బడి పరీక్షల్లో గణితం మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. పిల్లలు నేర్చుకున్నది తమ స్థాయి లెక్కలు. బడి అడిగింది తరగతి లెక్కలు.