కార్మికురాలిగా చేరి... పోటీగా నిలిచి!

ఇరవై ఒక్కేళ్ల వయసులో పొట్ట చేత పట్టుకుని సముద్రతీరంలోని ఊరు వదిలిందో అమ్మాయి. పదేళ్లపాటు ఓ ఫ్యాక్టరీలో పనిచేసింది. ఆ తర్వాత అన్నతో కలిసి సొంతంగా ఓ చిన్న కంపెనీ మొదలుపెట్టింది. ఒకప్పుడు తనకు జీతమిచ్చిన ఆ ఫ్యాక్టరీ యజమానికే ఇప్పుడు గట్టి పోటీ ఇస్తోంది. చైనాకు చెందిన వాంగ్ లైచున్ కథ ఇది.

చెవిలో పెట్టుకుంటే చాలు, పాటలు వినిపిస్తాయి. ఫోను మాట్లాడొచ్చు. వైరుతో పనే లేదు. యాపిల్ కంపెనీ అమ్మే ఆ తెల్లటి ఎయిర్‌పాడ్స్ అంటే కుర్రకారుకు ఎంత మోజో చెప్పక్కర్లేదు. మరి వాటిని తయారు చేసేదెవరు? యాపిల్‌కు సొంత ఫ్యాక్టరీలు దాదాపుగా లేవు. ఆ పని వేరే కంపెనీలకు అప్పగిస్తుంది. అలా ఎయిర్‌పాడ్స్ చేసిపెట్టే కంపెనీల్లో ముఖ్యమైనది లక్స్‌షేర్. తమాషా ఏమిటంటే... వైర్లు లేని ఈ పరికరంతో పేరు తెచ్చుకున్న ఆ కంపెనీ పుట్టింది వైర్లూ, వాటి కొసన ఉండే కనెక్టర్లూ చేయడానికే! దాని అధినేత్రి వాంగ్ లైచున్.

ఓడలెక్కిన ఊరు

వాంగ్ 1967లో పుట్టారు. ఊరు చెంగ్‌హై. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో, షాన్‌టౌ రేవు పక్కనే ఉంటుంది. ఇప్పుడది షాన్‌టౌ నగరంలో భాగం. ఆ ప్రాంతం వాళ్లను 'టియోచ్యూ' ప్రజలంటారు. వాళ్ల భాష వేరు, వంట వేరు, చిన్న చిన్న కప్పుల్లో పదే పదే పోసుకుని తాగే టీ పద్ధతీ వేరే.

అక్కడ మనుషులెక్కువ, సాగుభూమి తక్కువ. దాంతో బతుకుతెరువు కోసం తరతరాలుగా సముద్రాన్నే నమ్ముకున్నారు. చెంగ్‌హైలోని ఝాంగ్లిన్ రేవు నుంచి ముక్కుకు ఎర్రరంగు పూసిన ఓడలు థాయ్‌లాండ్ వైపు బయల్దేరేవి. వెళ్లినవాళ్లలో కొందరు కూలీలయ్యారు, కొందరు బియ్యం వ్యాపారులయ్యారు. ఒకరి కొడుకైతే ఏకంగా రాజయ్యాడు! 1767లో సయాం సింహాసనమెక్కిన తాక్సిన్ తండ్రి చెంగ్‌హై నుంచి వలస వెళ్లినవాడే.

ఎంత దూరం వెళ్లినా ఇంటిని మాత్రం మరిచేవారు కాదు. ఉత్తరంతోపాటే డబ్బూ పంపేవారు. ఆ ఉత్తరాలను 'ఛియావ్‌పీ' అంటారు. వాటిని యునెస్కో 2013లో తన ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఆ డబ్బుతోనే ఊళ్లో ఇళ్లు లేచాయి, బళ్లు వెలిశాయి. పరాయిచోట సొంతూరివాడు కనిపిస్తే టియోచ్యూ ప్రజలు 'గాగినాంగ్' అంటారు... మనవాడు అని! అప్పు పుట్టడానికైనా, పని దొరకడానికైనా, వ్యాపారంలో వాటాకైనా ఆ ఒక్కమాటే పూచీకత్తు.

కవలల్లో ఒకటే ఎదిగింది

1980లో చైనా విదేశీ పెట్టుబడుల కోసం నాలుగు ప్రత్యేక ఆర్థిక మండళ్లను ఎంపిక చేసింది. వాటిలో షెన్‌జెన్ ఒకటి, షాన్‌టౌ మరొకటి. ఒకే ఏడాది మొదలైనా రెంటి తలరాతా ఒకటి కాలేదు. హాంకాంగ్‌ను ఆనుకుని ఉన్న షెన్‌జెన్ పరుగులు తీసింది. షాన్‌టౌ వెనకబడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం షెన్‌జెన్‌లో కోటీ 75 లక్షల మంది ఉంటే, షాన్‌టౌలో 55 లక్షల మందే.

దాంతో తాతల కాలంలో ఓడలెక్కిన ఊరి పిల్లలు ఈసారి బస్సులెక్కారు. అలా వెళ్లినవారిలో వాంగ్ ఒకరు. పెద్ద చదువులేం లేవు. 1988లో తైవాన్ వ్యాపారి టెర్రీ గౌ షెన్‌జెన్‌లో ఫ్యాక్టరీ తెరిచారు. టీవీలకు ప్లాస్టిక్ నాబ్‌లు చేయడంతో మొదలైన ఆయన కంపెనీయే ఫాక్స్‌కాన్. చైనాలో వాళ్లకదే మొదటి ఫ్యాక్టరీ. తొలినాళ్లలో చేరిన కార్మికుల్లో వాంగ్ కూడా ఉన్నారు.

అప్పట్లో ఫాక్స్‌కాన్ ప్రధానంగా కంప్యూటర్లకు కనెక్టర్లు చేసేది. చూడ్డానికి అగ్గిపుల్ల తలంత ముక్క. కానీ దాని వెనక పెద్ద తతంగమే ఉంటుంది. పలచటి రాగి రేకును అచ్చుతో కొట్టి సన్నటి కాళ్లు తీయాలి. వాటికి పూత వేయాలి. కరిగించిన ప్లాస్టిక్‌తో తొడుగు పోయాలి. రెంటినీ కలపాలి. ఎక్కడ వెంట్రుకవాసి తేడా వచ్చినా మొత్తం పరికరమే పనిచేయదు. పనివేళల్లో క్రమశిక్షణ సైనిక శిబిరాన్ని తలపించేదంటారు. అక్కడ పదేళ్లున్నారు వాంగ్. కార్మికురాలి స్థాయి నుంచి ఓ విభాగాన్ని నడిపే స్థాయికి ఎదిగారు. పైపదవులన్నీ తైవాన్ వాళ్లవే అయిన ఆ రోజుల్లో చైనా కార్మికురాలు అంతవరకు రావడమే గొప్ప.

చేతిలో పని ఉంది. జీతం వస్తోంది. అయినా మానేశారు!

అన్నాచెల్లెళ్ల కంపెనీ

1999లో వాంగ్, ఆమె అన్న లైషెంగ్ కలిసి హాంకాంగ్‌లో నమోదైన లక్స్‌షేర్ అనే చిన్న సంస్థను కొన్నారు. 2004లో షెన్‌జెన్‌లో 'లక్స్‌షేర్ ప్రెసిషన్' పేరుతో ఫ్యాక్టరీ పెట్టారు. చేసేది తెలిసిన పనే... కనెక్టర్లు, కేబుళ్లు. మరి కొనేదెవరు? పాత యజమానే! మొదటి రోజుల్లో లక్స్‌షేర్ అమ్మకాల్లో దాదాపు సగం ఫాక్స్‌కాన్‌కే వెళ్లేవి. పోట్లాడి బయటికి రాలేదు, మంచిగా వచ్చారు కాబట్టే ఆ తలుపు తెరిచి ఉంది.

2010 సెప్టెంబరులో కంపెనీ షెన్‌జెన్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. చేతికొచ్చిన డబ్బుతో వాంగ్ భవంతులు కట్టలేదు, కంపెనీలు కొన్నారు. 2011లో కున్షాన్‌లోని ఓ కేబుళ్ల సంస్థలో 60 శాతం వాటా తీసుకున్నారు. ఆ సంస్థ అప్పటికే యాపిల్‌కు సరుకు ఇస్తోంది. దాంతో లక్స్‌షేర్‌కూ యాపిల్ గడప తొక్కే అవకాశం దొరికింది. ముందు కేబుళ్లు, తర్వాత చిన్నచిన్న భాగాలు, 2017లో ఎయిర్‌పాడ్స్. ఆ ఏడాది డిసెంబరులో యాపిల్ అధిపతి టిమ్ కుక్ స్వయంగా కున్షాన్ ఫ్యాక్టరీకి వచ్చి వెళ్లారు.

2020లో వాంగ్ మరో అడుగేశారు. కున్షాన్‌లో ఐఫోన్లు తయారుచేసే విస్ట్రాన్ ఫ్యాక్టరీని 330 కోట్ల యువాన్లకు కొనుగోలు చేస్తున్నట్లు ప్రకటించారు. అంతవరకూ ఐఫోన్ల తయారీ తైవాన్ కంపెనీల గుత్త సొత్తు. ఆ కోటలోకి అడుగుపెట్టిన తొలి చైనా కంపెనీ లక్స్‌షేరే. ఒకప్పుడు ఫాక్స్‌కాన్‌లో పనిచేసిన అమ్మాయి, ఫాక్స్‌కాన్ చేసే పనినే చేయడానికి దాని ఎదుట నిలబడిందన్నమాట!

2024లో లక్స్‌షేర్ ఆదాయం 26,800 కోట్ల యువాన్లు దాటింది. ఉద్యోగులు రెండు లక్షలకు పైనే. అదే ఏడాది జర్మనీకి చెందిన వాహన వైర్ల కంపెనీ లియోనిలో సగానికి పైగా వాటా కొనేందుకు ఒప్పందం చేసుకుంది. ఇంత పెద్ద సంస్థకూ మూలం మాత్రం ఆ ఇద్దరే. లక్స్‌షేర్‌లో ప్రధాన వాటా ఉన్న హాంకాంగ్ సంస్థ అన్నాచెల్లెళ్లది. చెరిసగం! వ్యాపారమంటే ఇంటివాళ్లతో కలిసి చేసేదన్న టియోచ్యూ అలవాటును ఆమె వదల్లేదు. ఊరు ఆమెకు ఇచ్చిన పెట్టుబడి డబ్బు కాదు, ఆ నమ్మకం.

వెలుగు వెనక

అంతా పూలబాటేనా అంటే... కాదు. లక్స్‌షేర్ ఆదాయంలో 70 శాతానికి పైగా ఒక్క యాపిల్ నుంచే వస్తోంది. ఆ ఒక్క కొనుగోలుదారు మొహం తిప్పుకుంటే? అందుకే వాంగ్ కార్ల విడిభాగాల వైపు, వియత్నాంలో ఫ్యాక్టరీల వైపు నడుస్తున్నారు.

అంతకంటే పెద్ద ప్రశ్న మరోటుంది. లైన్లో నిలబడ్డ లక్షలమందిలో యజమాని అయ్యేది ఎందరు? 2010లో షెన్‌జెన్ ఫాక్స్‌కాన్‌లో వరసగా యువ కార్మికులు ప్రాణాలు తీసుకోవడం ప్రపంచాన్ని కలచివేసింది. వాళ్లూ ఊళ్లు వదిలి వచ్చినవాళ్లే. వాళ్లమ్మానాన్నలూ ఉత్తరం కోసమో, ఫోను కోసమో ఎదురుచూసినవాళ్లే. వాంగ్ కథ ఎంత నిజమో, వాళ్ల కథా అంతే నిజం. ఇప్పుడు రెండు లక్షల మందికి పని ఇస్తున్న స్థానంలో ఉన్నది ఒకప్పుడు అదే లైన్లో ఉన్న మనిషి. కాబట్టి ఆ జవాబు చెప్పాల్సిన బాధ్యత ఆమెపై మరికాస్త ఎక్కువే!

బొమ్మల ఊరు

మరి ఆమె సొంతూరు ఏమైంది? చెంగ్‌హై ఊరికే కూర్చోలేదు. ప్లాస్టిక్ బొమ్మల తయారీని పట్టుకుంది. వీధివీధినా వర్క్‌షాపులు వెలిశాయి. ఒకరు చక్రాలు పోస్తే, ఇంకొకరు రంగులేస్తారు, మరొకరు డబ్బాల్లో సర్దుతారు. 2003లో 'చైనా బొమ్మలు, కానుకల నగరం' అన్న పేరూ వచ్చింది. మన తిరునాళ్లలో పిల్లలు మారాం చేసి కొనిపించుకున్న ప్లాస్టిక్ కార్లలో ఎన్ని ఆ ఊరివో ఎవరికి తెలుసు!

2013 చివర్లో షెన్‌జెన్‌కు హైస్పీడ్ రైలు వచ్చింది. ఒకప్పుడు ఊరు వదలడమంటే ఏడాదికోసారి, కొత్త సంవత్సరం పండక్కి తిరిగి రావడం. ఇప్పుడు రెండు మూడు గంటల ప్రయాణం. అయినా పండగొస్తే ఆ రైళ్లు కిటకిటలాడుతూనే ఉంటాయి.

మన దగ్గరా...

ఈ కథ మనకు మరీ దూరమేం కాదు. 2015లో శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ సెల్‌ఫోన్ల తయారీ మొదలుపెట్టింది. అక్కడి లైన్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల అమ్మాయిలే. హైదరాబాద్ శివార్లలోని కొంగరకలాన్‌లో అదే గ్రూపు కట్టిన ఫ్యాక్టరీలో 2025లో ఎయిర్‌పాడ్స్ తయారీ ప్రారంభమైంది. వాంగ్‌కు పేరు తెచ్చిన ఆ వస్తువే!

టిఫిన్ డబ్బా పట్టుకుని, తెల్లవారకముందే కంపెనీ బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడే అమ్మాయిలు మన ఊళ్లలోనూ ఉన్నారు. నెల తిరిగేసరికి ఇంటికి డబ్బు పంపుతున్నారు. తమ్ముడి ఫీజు కడుతున్నారు, నాన్న అప్పు తీరుస్తున్నారు. ఆ లైన్లో వాళ్లు నేర్చుకునేది వేళ్లతో చేసే పని ఒక్కటే కాకపోవచ్చు. అచ్చు ఎలా తయారవుతుందో, సరుకు ఎక్కడ్నుంచి వస్తుందో, ధర ఎవరు కడతారో కూడా గమనిస్తుండొచ్చు. పదేళ్లు గమనించిన అమ్మాయి ఏం చేయగలదో చెంగ్‌హై చూపించింది. అలాంటి అమ్మాయి వచ్చి 'సొంతంగా ఓ షెడ్డు పెడతా' అన్నప్పుడు... 'నీకెందుకమ్మా' అనకుండా 'నేనున్నా చెల్లీ' అనే అన్న ఇంట్లో ఉండాలి. అంతే!